గానుగకు నీరు మోసిన గోడలు

జమైకా రాజధాని కింగ్‌స్టన్‌కు ఈశాన్య అంచున, బ్లూ మౌంటెన్స్ కొండలు దిగివచ్చి మైదానంలో కలిసే చోట వెస్టిండీస్ విశ్వవిద్యాలయం ఉంది. ఆ ప్రాంతం పేరు మోనా. ఒకవైపు ఆసుపత్రి, ఇంకోవైపు లైబ్రరీ, హాస్టళ్లు, ఆటస్థలాలు. వీటి నడుమ నుంచి పాత రాతిగోడ ఒకటి సాగిపోతుంటుంది. నేల పల్లమైన చోట గోడ కింద కమానులు కనిపిస్తాయి. కొంతదూరం పోయాక గోడ తెగిపోతుంది, చెట్ల వెనక మళ్లీ మొదలవుతుంది. రాళ్ల సందుల్లో ఫెర్న్ మొక్కలు మొలిచాయి, ఇటుకల మీద నాచు నల్లబడింది. కొత్తగా వచ్చినవాళ్లు కోటగోడ అనుకుంటారేమో. కోటకు దానికి సంబంధం లేదు. ఆ గోడ నెత్తిమీద ఒకప్పుడు కాలువ పారేది. కొండల్లోని హోప్ నది నీళ్లు ఆ కాలువలో వచ్చి చెరకు గానుగను తిప్పేవి.

ఇలాంటి కట్టడాన్ని అక్విడక్టు అంటారు. కోనసీమవాళ్లకు ఈ మాట కొత్త కాదు. గన్నవరం దగ్గర వైనతేయ గోదావరి మీదుగా కాలువను దాటించడానికి 1850లలో కాటన్ దొర హయాంలో కట్టిన అక్విడక్టు 49 కమానులతో ఇవాళ్టికీ నిలిచే ఉంది. పక్కన తర్వాతి కాలంలో కట్టిన కొత్తదానికి డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. గన్నవరం కాలువ నగరం లంక పొలాలకు సాగునీరు ఇచ్చింది. మోనా కాలువ అంతకు దాదాపు వందేళ్ల ముందుది. అది మోసుకొచ్చిన నీటికి మొదటి పని పొలం తడపడం కాదు, యంత్రాన్ని తిప్పడం. ఇప్పుడు ఫ్యాక్టరీకి కరెంటు తీగ ఎంత ముఖ్యమో, 18వ శతాబ్దపు చక్కెర ఎస్టేటుకు ఆ కాలువ అంత ముఖ్యం.

ఎందుకంత ముఖ్యమో తెలియాలంటే చెరకు సంగతి తెలియాలి. చెరకు కొట్టిన క్షణం నుంచీ దానిలోని చక్కెర తగ్గడం మొదలవుతుంది. వేడి దేశాల్లో ఒకటి రెండు రోజుల్లో గానుగ ఆడకపోతే రసం పులుస్తుంది, చక్కెర గడ్డకట్టదు. తీసిన రసాన్ని కూడా నిలవ ఉంచే వీల్లేదు, గంటల్లో పొయ్యి మీదికి ఎక్కించాలి. అనకాపల్లి వైపు బెల్లం వండే రైతులందరికీ ఇది తెలిసిన కథే. అయితే కరీబియన్ ఎస్టేటులో చెరకు వందల ఎకరాల్లో ఉండేది, అంతా ఒక్క గానుగకు రావాలి. గానుగ ఆగిందంటే పొలంలో కొట్టిన చెరకు, బానల్లో కాగుతున్న రసం రెండూ పాడవుతాయి. అందుకే, మనుషుల్ని పక్కన పెడితే, యజమాని ఆస్తి లెక్కల్లో భూమి తర్వాత అంత ఖరీదు చేసేవి గానుగ కట్టడాలూ, దాన్ని తిప్పే ఏర్పాట్లూ. భూమికన్నా, గానుగకన్నా ఎక్కువ విలువ కట్టిన ఆస్తి తరచు మనుషులే. ఆ సంగతి తర్వాత వస్తుంది.

గానుగ తిప్పడానికి ఆ రోజుల్లో మూడు దారులు. ఎడ్లనో కంచరగాడిదలనో కట్టి తిప్పవచ్చు. అవి అలసిపోతాయి, మార్చాలి, మేపాలి. గాలిమర పెట్టవచ్చు. బార్బడోస్, ఆంటిగ్వా లాంటి దీవుల్లో ఎడతెగని సముద్రపు గాలి ఉంది కనుక అక్కడ గాలిమరలే వెలిశాయి, వాటి రాతి బురుజులు ఇప్పటికీ చెరకు పొలాల మధ్య కనిపిస్తాయి. జమైకా అలాంటి దీవి కాదు. బ్లూ మౌంటెన్ శిఖరం 2,256 మీటర్ల ఎత్తు. ఆ కొండల మీద కురిసిన వాన నదులై కిందికి ఉరుకుతుంది. నది అందుబాటులో ఉన్న యజమాని నీటిచక్రాన్నే కోరుకున్నాడు. తిండి అడగదు, గాలి కోసం ఎదురుచూడదు, రాత్రీ పగలూ తిరుగుతుంది.

నీటిచక్రాల్లోనూ తేడాలున్నాయి. పారే నీటిలో చక్రం అడుగుభాగం మునిగేలా పెడితే ప్రవాహం దాన్ని నెడుతుంది. ఇంకో పద్ధతిలో నీటిని చక్రం కన్నా ఎత్తుకు తెచ్చి పైనుంచి వదులుతారు. చక్రం అంచునున్న తొట్లు నిండి, ఆ బరువుకు చక్రం తిరుగుతుంది. ఏది మేలో ఇంగ్లండు ఇంజనీరు జాన్ స్మీటన్ చిన్న నమూనాలు చేసి కొలిచి, 1759లో రాయల్ సొసైటీకి నివేదించాడు. అంతే నీటితో, పైనుంచి పడే చక్రం కింద నుంచి నెట్టే చక్రానికి దాదాపు రెట్టింపు పని చేస్తుందని తేల్చాడు. పైనుంచి పడాలంటే నీరు ఎత్తులో రావాలి. మైదానంలో ఎత్తు ఉండదు కనుక దాన్ని కట్టాలి. మోనా కమానులు ఆ అవసరం నుంచి పుట్టాయి.

కాలువ తీరు ఇలా ఉండేది. కొండ లోయలో నదికి అడ్డంగా చిన్న ఆనకట్ట కట్టి, నీటిని పక్కకు మళ్లించేవాళ్లు. అక్కడి నుంచి కొండ వాలు వెంబడి, నది కన్నా చాలా తక్కువ వాలుతో కాలువ తవ్వేవాళ్లు. నది వేగంగా కిందికి పోతుంటే కాలువ మాత్రం ఎత్తు కోల్పోకుండా మెల్లగా వస్తుంది. ముందుకు పోయేకొద్దీ నదికి, కాలువకు మధ్య ఎత్తు తేడా పెరుగుతూ పోతుంది. నేల దిగిపోయిన చోట కాలువను గోడ మీదికి ఎక్కించాలి. గోడ మరీ ఎత్తైతే అడుగున కమానులు వదలాలి. రాయి ఆదా అవుతుంది, వాననీరు ఆగకుండా పోతుంది, బండ్లకూ పశువులకూ దారి ఉంటుంది. చివరికి గానుగశాల పక్కన గోడ ఆగుతుంది, నీరు చక్రం మీద పడుతుంది. పని అయిపోయిన నీరు కింది తూములోంచి బయటికి వెళ్తుంది. వాలు కొంచెం ఎక్కువైతే చివర ఎత్తు చాలదు, తక్కువైతే నీరే నడవదు. అలాంటి కాలువను ఇంత దూరం తెచ్చారంటే, దాన్ని కట్టిన చేతుల్లో ఎంత పనితనం ఉందో గోడ దగ్గర నిలబడి చూస్తే అర్థమవుతుంది.

ఆ చేతులు ఎవరివి?

కాగితాల్లో దొరికే పేరు యజమానిది. 1655లో ఇంగ్లండు సైన్యం స్పెయిన్ చేతిలోంచి జమైకాను లాక్కున్నప్పుడు వచ్చిన అధికారుల్లో మేజర్ రిచర్డ్ హోప్ ఒకడు. మోనా ఉన్న లిగనీ మైదానంలో అతనికి దక్కిన భూమి హోప్ ఎస్టేటు అయింది, పక్కన పారే నదికీ ఆ పేరే వచ్చింది. అతని వారసుల్లో ఒకడైన థామస్ హోప్ ఎలెట్సన్ 1750ల చివర హోప్ నది నీటిని గానుగకు తెచ్చే అక్విడక్టు కట్టించాడు. అదే నీరు పొరుగునున్న పపీన్, మోనా ఎస్టేట్లకూ అందింది. తర్వాతి కాలంలో ఆ కుటుంబంలోని రోజర్ హోప్ ఎలెట్సన్ కొంతకాలం జమైకా గవర్నరుగా పనిచేశాడు. నీరు ఎవరి చేతిలో ఉంటే అధికారమూ వాళ్ల చేతిలోనే ఉండేది. పైగా చెరకు కొట్టే కాలం జనవరి నుంచి జూన్ దాకా. అందులో మొదటి నెలలు జమైకాలో వానలుండవు. గానుగకు నీరు బాగా కావలసినప్పుడే నది సన్నబడుతుంది. ఒకే నది మీద బతికే ఎస్టేట్లు నీటిని పంచుకోక తప్పదు.

రాళ్లు కొట్టినవాళ్లు, సున్నం కాల్చినవాళ్లు, కమానులు తిప్పినవాళ్లు ఆఫ్రికా నుంచి పట్టి తెచ్చిన బానిసలు, ఇక్కడే బానిసత్వంలో పుట్టిన వాళ్ల పిల్లలు. వాళ్లలో తాపీమేస్త్రులు, వడ్రంగులు, పీపాలు చేసేవాళ్లు, కమ్మరులు ఉండేవాళ్లు. ఎస్టేటు లెక్కల్లో పొలం కూలి కన్నా మేస్త్రికి ఎక్కువ ధర రాసేవాళ్లు. ధర పెరిగింది గానీ పేరు రాలేదు. ఏ కమాను ఎవరు కట్టారో ఎక్కడా చెక్కలేదు.

విశ్వవిద్యాలయ ఆవరణలోనే ఉన్న చాపెల్ చూస్తే ఈ సంగతి ఇంకా గట్టిగా తగులుతుంది. ఆ చక్కటి రాతి భవనం మొదట చర్చి కాదు. ట్రిలానీ జిల్లాలోని గేల్స్ వ్యాలీ ఎస్టేటులో చక్కెర, రమ్ము నిలవచేసే గోదాము అది. విశ్వవిద్యాలయపు మొదటి చాన్సలర్ ప్రిన్సెస్ అలీస్ చొరవతో దాన్ని రాయి రాయిగా విప్పి, మోనాకు తెచ్చి, మళ్లీ పేర్చి 1960లో చాపెల్‌గా ప్రారంభించారు. పైకప్పు కింద ముందుగోడ మీద ఎడ్వర్డ్ మొరాంట్ గేల్ అన్న పేరు, 1799 అన్న సంవత్సరం చెక్కి ఉన్నాయి. గేల్ ఆ ఎస్టేటు యజమాని. రాయిని చెక్కినవాళ్లు గేల్ పేరునే చెక్కారు, తమ పేరు చెక్కుకోలేకపోయారు. ఆవరణలో తిరిగేవాళ్లు అక్విడక్టు కమానులను, చాపెల్ మీది ఆ అక్షరాలను కలిపి చూడాలి. విడివిడిగా చూస్తే రెండూ అందమైన పాత కట్టడాలుగానే మిగిలిపోతాయి.

పేర్లు పూర్తిగా పోలేదు. 1807లో బ్రిటిష్ పార్లమెంటు బానిస వ్యాపారాన్ని నిషేధించాక, దొంగచాటుగా మనుషుల్ని దించుతున్నారా లేదా చూడడానికి లెక్కలు అవసరమయ్యాయి. జమైకాలో 1817 నుంచి 1832 దాకా మూడేళ్లకోసారి ప్రతి యజమానీ తన బానిసల జాబితా ఇవ్వవలసి వచ్చింది. పేరు, రంగు, వయసు, ఆఫ్రికాలో పుట్టారా దీవిలో పుట్టారా, తల్లి ఎవరు. ఆ రిజిస్టర్లు ఇప్పటికీ ఉన్నాయి. యజమానులు పెట్టిన ఇంగ్లీషు పేర్ల మధ్య క్వాషీ, కఫీ, ఫిబ్బా లాంటివి కనిపిస్తాయి. పశ్చిమ ఆఫ్రికాలోని అకాన్ జనం పుట్టిన వారాన్ని బట్టి పిల్లలకు పేర్లు పెట్టేవాళ్లు, ఆ పేర్లు సముద్రం దాటి వచ్చాయి. అక్విడక్టు కట్టిన తరం 1817 నాటికి చాలావరకు కన్నుమూసింది. ఆ నీటితో నడిచిన గానుగకు చెరకు మోసిన తరం పేర్లు మాత్రం ఆ పుటల్లో ఉన్నాయి.

నీరు నిద్రపోదు కనుక గానుగా నిద్రపోయేది కాదు. కోత కాలంలో ఎస్టేటు రాత్రింబగళ్లు నడిచేది. పగలంతా పొలంలో పనిచేసినవాళ్లే వంతులవారీగా రాత్రి గానుగశాలకు, బానల దగ్గరికి వచ్చేవాళ్లు. గానుగలో నిలువుగా పెట్టిన మూడు రోలర్ల మధ్యకు చెరకు గడలు అందించడం ఎక్కువగా ఆడవాళ్ల పని. నిద్రకు తూలిన చేయి రోలర్ల మధ్య ఇరుక్కుంటే ఎద్దుల గానుగనైనా కాస్త తొందరగా ఆపవచ్చు. బరువైన నీటిచక్రం ఒక్కసారిగా ఆగదు. అందుకని చేయి నరికి మనిషిని కాపాడడానికి పక్కన గొడ్డలి సిద్ధంగా ఉంచేవాళ్లని ఆనాటి రచయితలు ఎందరో రాశారు. స్మీటన్ తన లెక్కలు రాయల్ సొసైటీకి వినిపించిన 1759లోనే ఫ్రాన్సులో వోల్టేర్ రాసిన 'కాండీడ్' అచ్చయింది. అందులో సురినామ్‌లో కథానాయకుడికి ఎదురుపడే బానిసకు ఒక చేయి లేదు. ఆ చేయి పోయింది చక్కెర గానుగలోనే. ఐరోపాలో చదువుకున్నవాళ్లకు ఈ సంగతులు తెలియకపోవడం అంటూ లేదు.

గానుగశాల పక్కనే రసం కాచే ఇల్లు. వరసగా రాగి బానలు, పెద్దదాని నుంచి చిన్నదానికి రసాన్ని గరిటెలతో మారుస్తూ పోవాలి. సున్నం కలిపి మడ్డి తీయాలి, పాకం అదను చూసి దించాలి. అదను తప్పితే మొత్తం పాడు. పాకం పదును పట్టే ఆ పనివాడు కూడా బానిసే, ఎస్టేటు లాభం అతని కంటిచూపు మీద ఆధారపడి ఉండేది. పొయ్యిలోకి ఎండిన చెరకు పిప్పి. చక్కెర తీయగా మిగిలిన మొలాసిస్ పక్కనున్న బట్టీలో రమ్ముగా మారేది. మోనా, పపీన్ ఎస్టేట్ల ఇలాంటి కట్టడాల శిథిలాలు ఆవరణలో అక్కడక్కడా నిలిచి ఉన్నాయి. అక్విడక్టు ఒక్కటే చూసి వెనుదిరిగితే సగమే చూసినట్టు. నీరు ఎక్కడికి పోయిందో చూడాలి.

ఈ పద్ధతి మనుషుల్ని ఎలా మింగిందో ఒక లెక్క చెబుతుంది. బానిస వ్యాపారం సాగిన కాలమంతా కలిపి జమైకా రేవుల్లో దిగిన ఆఫ్రికన్లు సుమారు 10 లక్షల మంది. కొందరిని స్పెయిన్ కాలనీలకు తిరిగి అమ్మేశారు. అది తీసేసినా, 1834లో బానిసత్వం రద్దయ్యేనాటికి దీవిలో మిగిలిన బానిసలు సుమారు 3,11,000 మందే. పుట్టినవాళ్లకన్నా పోయినవాళ్లు ఎక్కువ. చెరకు ఎస్టేట్లలో ఈ తేడా మరీ ఎక్కువగా ఉండేది.

వాళ్లు ఊరికే పడి ఉండలేదు. అక్విడక్టు పూర్తయిన కొద్ది కాలానికే, 1760 ఈస్టర్ పండగనాడు టాకీ నాయకత్వంలో సెయింట్ మేరీ జిల్లాలో తిరుగుబాటు లేచి దీవిలో ఇతర జిల్లాలకూ పాకింది. 1831 క్రిస్మస్‌కు శామ్యూల్ షార్ప్ పిలుపుతో పశ్చిమ జమైకా పనిమానేసింది. అది తిరుగుబాటుగా మారి ఎస్టేట్లు తగలబడ్డాయి. షార్ప్‌తో సహా 300 మందికి పైగా మరణశిక్ష పడింది. ఆ మంటల్లో కాలిన వాటిలో హానోవర్ జిల్లాలోని ట్రయాల్ ఎస్టేటు ఒకటి. దాన్ని మళ్లీ కట్టారు. ట్రయాల్ నీటిచక్రం ఇవాళ్టికీ ఉత్తర తీరపు రహదారి పక్కన నిలబడి ఉంది. ఫ్లింట్ నది నుంచి అక్విడక్టు మీదుగా వచ్చిన నీరే దాన్ని తిప్పేది. ఇప్పుడు ఆ ఎస్టేటులో గోల్ఫ్ ఆడుతున్నారు.

తిరుగుబాటు అణిగిన రెండేళ్లలోపే బ్రిటిష్ పార్లమెంటు బానిసత్వ రద్దు చట్టం చేసింది. 1834 ఆగస్టు 1న అమలైంది. పేరుకు విముక్తులైనవాళ్లు 1838 ఆగస్టు 1 దాకా అప్రెంటిస్‌షిప్ పేరుతో అదే యజమానికి జీతం లేకుండా పనిచేయవలసి వచ్చింది. ఆస్తి పోగొట్టుకున్నందుకు యజమానులకు 2 కోట్ల పౌండ్ల పరిహారం ఇచ్చారు. పనిచేసినవాళ్లకు పైసా లేదు. ఆ పరిహారానికి చేసిన అప్పు తాలూకు బాండ్లు బ్రిటన్ ప్రభుత్వం పూర్తిగా తీర్చేసింది 2015లో. అంటే ఈ గోడల ఖర్చు మొన్నమొన్నటి దాకా నడిచిన ఖాతా.

విముక్తులైనవాళ్లలో చాలామంది ఎస్టేటు వదిలి కొండల్లో సొంత భూమి చెక్కలు చూసుకున్నారు. గానుగ తిప్పడానికి నీరుంది, చెరకు కొట్టడానికి చేతులు కావాలి. యజమానులు ఇండియా వైపు చూశారు. 1845 మే 10న బ్లండెల్ హంటర్ అనే ఓడ కలకత్తా నుంచి వచ్చి ఓల్డ్ హార్బర్ బేలో కూలీలను దించింది. అప్పటి నుంచి సుమారు డెబ్బై ఏళ్లలో 36,000 మందికి పైగా భారతీయులు ఒప్పంద కూలీలుగా జమైకా చేరారు. ఎక్కువమంది ఉత్తరాదివాళ్లే. తొలినాళ్లలో మద్రాసు రేవు నుంచీ ఓడలు వెళ్లాయి. చక్కెర దీవులకు ఆ రేవులో ఓడ ఎక్కినవాళ్లలో తమిళులతో పాటు తెలుగువాళ్లూ ఉండేవాళ్లు. అంతకుముందే, 1828లో యానాం నుంచి ఫ్రెంచివాళ్లు కొద్దిమంది తెలుగు కూలీలను రీయూనియన్ దీవి చెరకు తోటలకు తీసుకుపోయారు. కోరంగి రేవు నుంచి మారిషస్ వెళ్లినవాళ్ల కథ మన పాఠకులకు కొంత తెలిసిందే. బానిసత్వానికి, ఒప్పంద కూలికి తేడా ఉంది. కూలికి గడువు ఉంటుంది, జీతం ఉంటుంది, పిల్లలు యజమాని సొత్తు కారు. కానీ వాళ్లు పనిచేసింది అవే గానుగల్లో. మోనా ఎస్టేటులోనూ భారతీయ కూలీలు పనిచేశారు. ఎస్టేట్లు మూతపడ్డాక ఆ కుటుంబాల్లో కొన్ని కింగ్‌స్టన్ చుట్టుపక్కల కూరగాయలు పండించి అమ్ముకుని బతికాయి.

మోనా పక్కనే ఆగస్ట్ టౌన్ అనే పేట ఉంది. విముక్తి వచ్చిన ఆగస్టు నెల పేరే దానిదని చెప్పుకుంటారు. అక్విడక్టు చూడడానికి వచ్చేవాళ్లలో కొద్దిమందే అక్కడి దాకా వెళ్తారు. అది పొరపాటు. మోనా ఎస్టేటులో కూలిపని చేసిన అలెగ్జాండర్ బెడ్‌వర్డ్ 1891లో ఆగస్ట్ టౌన్‌లో బోధ మొదలుపెట్టాడు. హోప్ నది నీటిని ఆశీర్వదించి, దానితో జబ్బులు నయమవుతాయన్నాడు. వేలమంది డబ్బాలు, సీసాలు పట్టుకుని వచ్చి నదిలో మునిగేవాళ్లు. నూట ముప్ఫై ఏళ్లుగా గానుగ కోసం పారిన నదిని, ఆ గానుగ కూలివాళ్లు తమ ఒంటి కోసం, తమ దేవుడి కోసం వాడుకున్నారు. ప్రభుత్వానికి అది నచ్చలేదు. 1895లో ఆయన మీద రాజద్రోహం కేసు పెట్టారు, పిచ్చివాడని తేల్చి పిచ్చాసుపత్రికి పంపారు, తర్వాత బయటికి వచ్చాడు. 1921లో అనుచరులతో కింగ్‌స్టన్‌కు ఊరేగింపుగా బయల్దేరితే మళ్లీ పట్టుకుని పిచ్చాసుపత్రిలో పెట్టారు. 1930లో అక్కడే పోయాడు. ఆయన కట్టించిన రాతి చర్చి మొండిగోడలు ఆగస్ట్ టౌన్‌లో ఉన్నాయి. జమైకాలో తర్వాత వచ్చిన నల్లజాతి నాయకుడు మార్కస్ గార్వీ ఉద్యమానికీ, రాస్తఫారీ మతస్థులకూ ఆయన దారి వేశాడని చరిత్రకారులు అంటారు. అక్విడక్టు కథలో ఈ అధ్యాయం లేకపోతే అది యజమానుల కథగానే ఉండిపోతుంది.

మోనాలో చెరకు 20వ శతాబ్దపు తొలినాళ్ల దాకా సాగింది. హోప్ ఎస్టేటు భూమిలో కొంత అంతకుముందే కింగ్‌స్టన్ నగరపు నీటి అవసరాలకు, ఇంకొంత హోప్ గార్డెన్స్ అనే వృక్షోద్యానానికి పోయింది. రెండో ప్రపంచయుద్ధంలో జిబ్రాల్టర్ నుంచి ఖాళీ చేయించిన వేయిమందికి పైగా పౌరులకు 1940లో మోనాలో చెక్క బారకాసులు కట్టారు. 1948లో అవే బారకాసుల్లో వెస్టిండీస్ యూనివర్సిటీ కాలేజీ 33 మంది వైద్య విద్యార్థులతో మొదలైంది. 1992లో సాహిత్యానికి నోబెల్ అందుకున్న డెరెక్ వాల్కాట్ ఇక్కడే చదువుకున్నాడు. బానిసల మునిమనవలు, ఒప్పంద కూలీల మనవలు గానుగ శిథిలాల మధ్య కూర్చుని డాక్టర్లు, లాయర్లు, ప్రధానులు అయ్యారు. కరీబియన్ బానిసత్వం మీద మంచి పరిశోధన ఎంతో ఇక్కడి చరిత్ర శాఖ నుంచే వచ్చింది. 2019లో స్కాట్లండ్‌లోని గ్లాస్గో విశ్వవిద్యాలయం, బానిసత్వపు సొమ్ము తమకు విరాళాలుగా చేరిందని ఒప్పుకుని, 20 ఏళ్లలో 2 కోట్ల పౌండ్లు ఉమ్మడి పరిశోధనకు ఇస్తామని వెస్టిండీస్ విశ్వవిద్యాలయంతో ఒప్పందం రాసుకుంది. 1834లో యజమానులకు ఇచ్చింది కూడా అంకెల్లో అంతే మొత్తం, ఆనాటి విలువ మాత్రం ఎన్నో రెట్లు ఎక్కువ.

ఈ జాతి కట్టడాలు మోనాలోనే కాదు, వేడి దీవులన్నిటా ఉన్నాయి. చూసే పద్ధతి మాత్రం చోటు చోటుకీ మారుతుంది. మార్టినిక్ దీవిలో కొండ అంచున వేలాడే బోర్గార్ కాలువను బానిసల కాలువ అనే పిలుస్తారు. దాని సన్నటి గట్టు మీద, ఒకవైపు నీరు ఇంకోవైపు లోయ పెట్టుకుని జనం నడుస్తారు. ఆ గట్టు మీద రాళ్లు మోసినవాళ్లు ఎక్కడ కాలు పెట్టారో నడిచేవాళ్లకు ఒళ్లు చెబుతుంది. ప్యూర్టోరికోలోని బ్వేనా విస్తా ఎస్టేటులో కాలువను, చక్రాన్ని బాగుచేసి, నీరు వదిలి తిప్పి చూపిస్తారు. గ్రెనడాలోని రివర్ ఆంట్వాన్ రమ్ము బట్టీ ఇంకా ముందుంది. అక్కడ 1785 నాటి నీటిచక్రం ఇప్పటికీ చెరకు గానుగ ఆడుతోంది, ఆ రసంతోనే రమ్ము కాస్తున్నారు. పాత గానుగ శబ్దం ఎలా ఉండేదో తెలుసుకోవాలంటే అంతకన్నా మంచి చోటు లేదు.

శిథిలంగా మిగిలినవాటికి శత్రువులు ఎక్కువ. మర్రి జాతి చెట్ల వేళ్లు రాళ్ల సందుల్లోకి దూరి కమానును విడదీస్తాయి. పాత గోడల్లోని సున్నం మెత్తనిది, గోడ ఊపిరి తీసుకోనిస్తుంది. దాని మీద సిమెంటు మెత్తితే లోపలి తేమ బయటికి రాలేక రాయే పొరలు పొరలుగా ఊడుతుంది. మంచి ఉద్దేశంతో చేసే ఇలాంటి మరమ్మతులు వానలకన్నా ఎక్కువ నష్టం చేస్తాయి. వేరు తీయడానికీ ఓపిక కావాలి, లాగితే గోడ వస్తుంది. సున్నపు పని తెలిసిన మేస్త్రులు ప్రపంచమంతటా తగ్గిపోతున్నారు. గన్నవరం పాత అక్విడక్టు విషయంలోనూ ఈ మాట గుర్తుపెట్టుకోవాలి.

అమెరికాలో ఉంటున్న తెలుగు కుటుంబాలు సెలవులకు జమైకా ఉత్తర తీరంలోని మాంటెగో బేకు వెళ్తుంటాయి. అక్కడి నుంచి పడమరగా కొద్ది దూరంలోనే ట్రయాల్ చక్రం ఉంది, కారు ఆపి చూడండి. వీలైతే ఒకరోజు కేటాయించి దీవి దాటి కింగ్‌స్టన్ రండి, మూడు నాలుగు గంటల ప్రయాణం. మోనాలో ముందు చాపెల్ దగ్గర గేల్ పేరు చదవండి. తర్వాత గోడ వెంట నడిచి గానుగ శిథిలాల దాకా వెళ్లండి, అక్కడి నుంచి ఆగస్ట్ టౌన్‌కు వెళ్లండి. దానికన్నా ముందు ఇంట్లోనే చేయవలసిన పని ఒకటుంది. లండన్ యూనివర్సిటీ కాలేజీ వాళ్లు బ్రిటిష్ బానిసత్వపు పరిహారాల మీద చేసిన జాబితాలు ఇంటర్నెట్‌లో ఎవరైనా ఉచితంగా చూడవచ్చు. హోప్, పపీన్, మోనా అని కొట్టి, ఏ యజమానికి ఎంత ముట్టిందో, ఎంతమంది మనుషుల లెక్కన ముట్టిందో చదివి బయల్దేరండి.